కాటా మీద సంచి

2024 డిసెంబరు 21, శనివారం. ప్రకాశం జిల్లాలోని మా ముండ్లమూరులో భూమి కదిలింది. మరునాడూ కదిలింది, ఆ మరునాడూ కదిలింది. పెద్ద నష్టమేమీ లేదు, ప్రతిసారీ రెండు మూడు క్షణాలే. అటకల మీది గిన్నెలు గలగలమన్నాయి. వీధి వీధంతా రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. గుండె దడ కాస్త తగ్గాక నేను అందరి చేతుల వంకా చూశాను, ఎవరు ఏం పట్టుకుని బయటికొచ్చారా అని. అమ్మ చేతిలో కళ్ళజోడు, బీపీ మాత్రల డబ్బా. ఎదురింటి పెదనాన్న చేతిలో పట్టాదారు పాసుపుస్తకం. పక్కింటి కోడలి చంకలో బిడ్డ, భుజం మీద బిడ్డ తువ్వాలు. నా చేతిలో ఫోను. బీరువాలూ మంచాలూ పండక్కి తెచ్చిన చీరలూ అన్నీ లోపలే ఉన్నాయి. వాటి కోసం ఎవరూ వెనక్కి వెళ్ళలేదు.

అప్పటికి నా ప్రయాణం మూడు వారాల్లోకి వచ్చింది. శ్రీలంక, థాయిలాండ్, లావోస్, వియత్నాం. మూడు నెలలు, ఒక్కదాన్నే, వీపుకు తగిలించుకునే ఒక్క సంచితో. ఆ సంచి అప్పటికే నిండుగా నడవలో గోడకి ఆనించి ఉంది. రెండు జీన్స్ ప్యాంట్లు, అయిదు జతల బట్టలు, లావు స్వెట్టరు, ఉన్ని దుప్పటి, చిన్న రైస్ కుక్కరు, రెండు లావుపాటి పుస్తకాలు. వాటిమీద చుట్టాలు ఇచ్చినవి: గోంగూర పచ్చడి, అరిసెలు, నువ్వుల కారం, ఎండుకొబ్బరి చిప్పలు. "ఒక్కదానివే పోతున్నావు, ఏం తింటావో ఏమో" అని ప్రేమతో తెచ్చిపెట్టినవి. ఆ ప్రేమను కాదనడం నాకు చేతకాలేదు.

భూమి రెండోసారి కదిలిన ఆదివారం సాయంత్రం ఆ సంచిని పక్కింటివాళ్ళ కొట్టంలోకి తీసుకెళ్ళి, మిరపకాయల గోతాలు తూచే కాటా మీద పెట్టాను. 17 కిలోల 800 గ్రాములు. మన దగ్గరా ఆగ్నేయాసియాలోనూ చవక విమానాల్లో చాలావాటికి చేతిసంచి హద్దు 7 కిలోలు. మిగిలింది సరుకుగా వేస్తే ప్రతి విమానానికీ డబ్బు కట్టాలి. డబ్బు సంగతి అటుంచి, ఆ సంచి తగిలించుకుని ఊరి చివరి చెరువు కట్ట దాకా నడిచి వచ్చాను. తిరిగొచ్చేసరికి భుజాల మీద పట్టీల గుర్తులు ఎర్రగా పడ్డాయి. దారిలో పొద్దు గుంకడం చూశానా అంటే చూడలేదు. దారి పొడుగునా చూపు నా కాళ్ళ ముందే ఉంది.

ప్రయాణం కట్టేవాళ్ళందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. సంచిని తూచండి. తూచి, వీపున వేసుకుని ఒక గంట నడవండి. ఇంట్లో కుర్చీ మీద పెట్టి చూస్తే ఏ సంచైనా తేలిగ్గానే కనిపిస్తుంది.

తేలిగ్గా ప్రయాణం చెయ్యడం పాశ్చాత్యులు కనిపెట్టిన విద్య అనీ, దానికి వేలకు వేలు పోసి ప్రత్యేకమైన సామాను కొనాలనీ మన పిల్లలు అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చందవరం వెళుతుంది. దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద ఉన్న మహాస్తూపం. 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు దాన్ని గుర్తించి లోకానికి చెప్పారు. రెండువేల ఏళ్ళ కింద ఈ దారిన నడిచిన భిక్షువులు అక్కడ ఆగేవారు. వాళ్ళ దగ్గర ఉండదగిన వస్తువులు ఎనిమిదని బౌద్ధ సంప్రదాయం లెక్కపెట్టింది. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడుముకట్టు, నీళ్ళు వడగట్టుకునే గుడ్డ. అంతే.

ఆ ఎనిమిదింటినీ ఒక కాగితం మీద రాసుకుని సంచి ముందు కూర్చున్నాను. చూస్తున్నకొద్దీ ఆశ్చర్యం. చీవరాలు మూడు ఎందుకంటే నడుముకి ఒకటి, పైన ఒకటి, చలి వేస్తే కప్పుకోవడానికి మూడోది. ఈనాడు కొండలెక్కేవాళ్ళు పొరలు పొరలుగా బట్టలు వేసుకోమని చెప్పేదీ ఇదే. నీళ్ళ గుడ్డ ఉంది, అంటే దారిలో దొరికే నీళ్ళను నమ్మకూడదన్న ఎరుక ఉంది. నీళ్ళలోని సూక్ష్మప్రాణులకు హాని కలగకూడదన్న కరుణా అందులో ఉంది. సూది ఉంది, చిరిగితే పారేసి కొత్తది కొనుక్కోవడం కాదు, కుట్టుకోవాలి. అన్నిటికన్నా నన్ను ఆపింది భిక్షాపాత్ర. అది ఖాళీ గిన్నె. అన్నం మోసుకుపోరు, అన్నం పెట్టేవాళ్ళు దారిలో ఉంటారన్న నమ్మకాన్ని మోసుకుపోతారు. నా సంచిలో 17 కిలోలు ఎక్కడ పేరుకున్నాయో అప్పుడు తెలిసింది. నేను వెళ్ళే చోట మనుషులున్నారని, వాళ్ళూ వండుకుంటారు, బట్టలు ఉతుక్కుంటారు, జ్వరం వస్తే మందు వేసుకుంటారని నేను పూర్తిగా నమ్మలేదు.

మన తెలుగులో యాత్రాచరిత్ర అనగానే ఏనుగుల వీరాస్వామి గారు గుర్తొస్తారు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. వెంట సుమారు నూరుమంది పరివారం, బోయీలు, డేరాలు, సామాను. అంత బరువు ఎందుకని ఇప్పుడు అడగడం న్యాయం కాదు. అప్పటి దారులు అలాంటివి, నల్లమల అవతలి వైపున అహోబిలం, శ్రీశైలం మీదుగా అడవుల్లో సాగిన యాత్ర అది. కాని ఆయన ఒక పని చేశారు. ఆగిన ప్రతి మజిలీ దగ్గర నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, ఏ వస్తువు దొరుకుతుంది, ఏది దొరకదు అని ఓపిగ్గా రాసిపెట్టారు. తన వెనక వచ్చేవాడి మూట తేలిక చెయ్యడానికే రాశారని నేననుకుంటాను. ముందు ఊళ్ళో బియ్యం దొరుకుతాయని తెలిసినవాడు బియ్యం మొయ్యడు.

ఆయనకు సరిగ్గా ఎదురుగా నిలబడే మనిషి రాహుల్ సాంకృత్యాయన్. 1929లో బిచ్చగాడి వేషంలో టిబెట్‌లోకి నడిచి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఇరవై రెండు కంచరగాడిదల మీద గ్రంథాలూ చిత్రపటాలూ తెచ్చాడు. పోయేటప్పుడు చేతులు ఖాళీగా ఉంచుకున్నాడు కాబట్టి తేగలిగాడు. దేశదిమ్మరితనం మీద ఆయన రాసిన పుస్తకం తెలుగులో 'లోకసంచారి'గా వచ్చి మనవాళ్ళలో ఎందరికో కాళ్ళు దురద పెట్టించింది. మన ప్రకాశం జిల్లాలోనే పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన మాచవరపు ఆదినారాయణ గారు దేశంలో వేల కిలోమీటర్లు నడిచి 'భ్రమణకాంక్ష' రాశారు, ఖండాలు దాటి 'భూభ్రమణ కాంక్ష' రాశారు. మన ఎర్రనేలల నుంచి ఒక మాస్టారు ప్రపంచమంతా తిరిగొచ్చాడని మన బడుల్లో ఎంతమంది పిల్లలకు చెప్పాం? చెప్పాలి. 'స్త్రీ యాత్రికులు' కూడా ఆయనదే. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లను ఊరంతా ప్రశ్నించేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకు చేతికివ్వదగ్గ పుస్తకం అది.

సరే, నా సంచి దగ్గరికి వస్తాను. రెండు జీన్స్ ప్యాంట్లూ మొదట బయటికి వచ్చాయి. ఒక్కోటీ ముప్పాతిక కిలోకి దగ్గర్లో ఉంటుంది, తడిస్తే తేమ గాలిలో రెండు రోజులకీ ఆరదు. వాటి స్థానంలో పలచని ప్యాంట్లు రెండు. పై బట్టలు మూడే: ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి సంచిలో. రాత్రి ఉతికి పిండి, పొడి తువ్వాల్లో చుట్టి గట్టిగా మెలేస్తే నీళ్ళు తువ్వాలు పీల్చుకుంటుంది, తెల్లారేసరికి బట్ట కట్టుకునేంతగా ఆరుతుంది. లావు స్వెట్టరు తీసేసి ఒక పలచని ఉన్ని బనీను, ఒక పొడుగు చేతుల చొక్కా, గాలీ వానా ఆగే ఒక కోటు పెట్టాను. జనవరిలో ఉత్తర లావోస్ కొండల్లో తెల్లవారుజామున ఈ మూడూ ఒకదానిమీద ఒకటి వేసుకుంటే సరిపోయింది. ఒక రెండు రోజులు చాలలేదు. సంతలో పాత స్వెట్టరు ఒకటి కొని, హనోయ్‌లో నేను దిగిన ఇంట్లో ఇచ్చేసి వచ్చాను.

మన పడమటి మండలాల గొర్రెల కాపరి భుజాన గొంగళి ఉంటుంది. వానొస్తే గొడుగు, రాత్రయితే పరుపు, ఎండకి నెత్తిన నీడ, చలికి కప్పు, కూర్చుంటే చాప. నెలల తరబడి మందతో తిరిగేవాడు వస్తువుని ఎంచే పద్ధతి అది, ఒక్కటైనా నాలుగు పనులకి రావాలి. నా గొంగళి చీరాల నేత తువ్వాలు. ఒళ్ళు తుడుచుకున్నాను, గుళ్ళలో భుజాల మీద కప్పుకున్నాను, పడవలో కిటికీకి తెరగా కట్టాను, బస్సులో మడిచి తలగడ చేసుకున్నాను. ఒకసారి కాలు బెణికితే మడమకి చుట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచాను. షాంపూ సీసాల బదులు కుంకుడుకాయ పొడి తీసుకెళ్ళాను. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు, పొడికి ఆ బెడద లేదు. తలకీ అదే, సన్నని బట్టలకీ అదే.

సంచి ఎంత తేలికైనా కొన్ని వదలకూడదు. పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీకి ఆర్నెల్లు దాటి చెల్లుబాటు కావాలి, చాలా దేశాలు ఆ గడువు చూస్తాయి. దాని నకలు ఒకటి కాగితం మీద, ఒకటి మెయిల్లో. కార్డులు రెండు, రెండు వేర్వేరు చోట్ల. రోజూ వేసుకునే మందులు, డాక్టరు చీటీతో సహా. మన దగ్గర చీటీ మీద మామూలుగా ఇచ్చే ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు గల్ఫ్ దేశాల్లో కఠినమైన నియంత్రణలో ఉన్నాయి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, సరుకులో వెయ్యనివ్వరు. ఆడవాళ్ళం నెలసరికి వాడే కప్పు నేర్చుకుంటే మూడు నెలల ప్యాడ్ల బరువు, అవి దొరకని ఊళ్ళలో వెతుకులాట, రెండూ తప్పుతాయి. వెళ్ళే ముందు ఇంటి దగ్గరే రెండు మూడు నెలలు అలవాటు చేసుకోవాలి. మెడలో బంగారం ఇంట్లోనే వదిలాను. ఊళ్ళో కొందరు నొచ్చుకున్నారు. అమ్మ నొచ్చుకోలేదు.

ఇక తిండి. మనవాళ్ళ సంచుల బరువులో సగం ఇదే. దీనిమీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, తెలుగు యాత్రికుడు పచ్చడి సీసా దగ్గర ఆగిపోతున్నాడు. ఎండుకొబ్బరికి నిప్పంటుకునే గుణం ఉందని విమానంలో వద్దంటారు. గసగసాలు మనకి మసాలా దినుసు, దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ నిషిద్ధ వస్తువు, జైలు దాకా తీసుకెళ్ళగలదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తినే వస్తువు ఏదున్నా దిగగానే చెప్పి తీరాలి, దాచితే జరిమానా. ఇవన్నీ ముందే తెలుసుకుంటే చుట్టాలకు మెత్తగా నచ్చజెప్పవచ్చు. నేనూ అలాగే చెప్పి అన్నీ తీయించాను. అమ్మ మాత్రం నువ్వుల కారం పొట్లం ఒకటి, నూట యాభై గ్రాములు, బట్టల మడతలో పెట్టింది. అది తియ్యలేదు.

లావోస్ సరిహద్దు హువే సాయ్‌లో మెకాంగ్ నది మీద పడవ ఎక్కితే రెండు రోజులకు లువాంగ్ ప్రబాంగ్ చేరుతుంది. మధ్యలో పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్ళో రాత్రి ఆగుతుంది. అక్కడ నేను దిగిన ఇంటి వెనక ఒక పెద్దామె నిప్పుల మీద పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, టమాటాలు కాల్చి, రోట్లో వేసి దంచుతోంది. ఆ వాసనకి నేను గది తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. దాన్ని వాళ్ళు 'జేవ్' అంటారు. జిగురు అన్నం చేత్తో ముద్ద చేసి అందులో అద్దుకు తింటారు. కొన్నిట్లో ఊరేసిన చేపల రసం కలుపుతారు, మాంసాహారం ముట్టనివాళ్ళు అడిగి తెలుసుకోవాలి. ఆమె దంచుతున్నది చేప లేనిదే. ఆరు కిలోల పచ్చళ్ళు ఎవరికోసం కట్టానో ఆ మనిషి, రోటి పచ్చడి లేకపోతే బతకలేని నేను, మెకాంగ్ ఒడ్డున రోటి పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ నువ్వుల కారం తెచ్చి ఆమె ముద్ద పక్కన పెట్టాను. ఆమె వేలితో అద్దుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపింది. మా ఇద్దరికీ కలిసే మాట ఒక్కటీ లేదు. ఆ రాత్రి భోజనానికి ఆమె డబ్బు తీసుకోనని చేతులు అడ్డం పెట్టింది.

లువాంగ్ ప్రబాంగ్‌లో తెల్లవారకముందే భిక్షువులు బారుగా వీధిలోకి వస్తారు, పాత్ర భుజానికి తగిలించుకుని, చెప్పుల్లేకుండా. వీధి అంచున మోకరిల్లిన ఆడవాళ్ళు ఒక్కొక్కరి పాత్రలో చిటికెడు జిగురు అన్నం వేస్తారు. ఎవరూ మాట్లాడరు. కాస్త ఎడంగా నిలబడి చూశాను. చందవరంలో ఆ పాత్ర శతాబ్దాల కింద ఆగిపోయింది, ఇక్కడ ఇంకా నడుస్తోంది. మన గుండ్లకమ్మ ఒడ్డున కూడా పొద్దున్నే ఇలా ఎవరో మోకరిల్లి ఉండాలి, ఆ ముద్ద మన కొర్రన్నమో వరిగన్నమో అయి ఉండాలి అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే నేను నిజం దాచినట్టవుతుంది. మన పడమటి ప్రకాశం నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు వలస వెళతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు, కట్టుబడి పనులకు హైదరాబాదు, బెంగళూరు. వాళ్ళ మూటలు చూడండి. బియ్యం, సత్తుగిన్నెలు, బొంత, పొయ్యి, పసిబిడ్డ ఉయ్యాల చీర. ఆర్నెల్ల సంసారం బస్సు మీదో లారీలోనో ఎక్కుతుంది. వాళ్ళు అంత ఎందుకు మోస్తున్నారంటే వెళ్ళిన చోట ఎవరూ ఇవ్వరు, కొనుక్కోవడానికి చేతిలో లేదు. నా సంచి ఏడు కిలోలకు దిగిందంటే అది నా నేర్పు ఒక్కటే అనుకోను. నా నడుము సంచిలో ఉన్న బ్యాంకు కార్డు పది గ్రాముల బరువు కూడా ఉండదు, సగం సామాను దాని వెనక ఉంది. స్వెట్టరు లేకపోతే కొనుక్కున్నాను, కాలు బెణికితే వైద్యానికి బీమా ఉంది. తేలిక సంచి గురించి గొప్పగా చెప్పేవాళ్ళు ఈ సంగతి తలచుకోవడం లేదని నాకు బాధ. వలస మూటను చూసి నవ్వేవాళ్ళను నేను క్షమించలేను. ఆ మూట కట్టే ఆడమనిషికి ఏది ముందు వెయ్యాలో, ఏది పైన ఉండాలో, ఏ గిన్నెలో ఏ గిన్నె దూరుతుందో నాకన్నా బాగా తెలుసు. బరువైనవి వీపుకు దగ్గరగా, నడుముకు పైగా పెట్టాలని, వెంటనే కావలసింది చేతికందేలా ఉండాలని నేను బస్టాండులో ఆమెను చూసే నేర్చుకున్నాను.

సూది గురించి చెప్పి ఆపుతాను. హువే సాయ్‌లో పడవ రేవుకు దిగే దారి నిట్టనిలువు. సగం దిగేసరికి సంచి ఎడమ పట్టీ కుట్టు ఊడి, బరువంతా కుడి భుజం మీద పడింది. పడవ బయలుదేరడానికి అరగంట ఉంది. మెట్ల పక్క రాయి మీద కూర్చుని చిన్న డబ్బాలోంచి సూది తీశాను. మామూలు దారం ఆ మందపాటి గుడ్డకి ఆగదు, పళ్ళ సందులు శుభ్రం చేసుకునే మైనపు దారం నాలుగు వరసలు వేశాను. చిన్నప్పుడు కొట్టంలో అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల గోతాల మూతులు దబ్బనంతో పురికొసతో కుట్టేదాన్ని. అంచు లోపలికి మడిచి, ఒక కుట్టు ముందుకి, అర కుట్టు వెనక్కి. చేతులకి గుర్తుంది. ఆ కుట్టు మీదే మిగతా రెండున్నర నెలలు తిరిగాను.

ఏప్రిల్లో ఇంటికి చేరిన రోజు సంచిని మళ్ళీ అదే కాటా మీద పెట్టాను. 6 కిలోల 400. అమ్మ కళ్ళజోడు సర్దుకుని సంచిని ఒళ్ళోకి తీసుకుంది. లోపల ఏం తెచ్చానో చూడలేదు. ఎడమ పట్టీ దగ్గర వేలు పెట్టి, కుట్టును ఒకసారి గట్టిగా లాగి చూసింది. "గట్టిగానే కుట్టావే అమ్మాయ్" అంది.

— బాటసారి, ముండ్లమూరు